తాడు మీద సీసామూతలు

మిషన్ నాకిచ్చిన సామాను తక్కువే:
ఒక సైకిలు, ఒక తుంబుకా బైబిలు,
రెండడుగులకొక సీసామూత గుచ్చిన
పొడవాటి నైలాను తాడు.

మ్జింబా మట్టిదారుల్లో పదకొండు ఊళ్లు.
ప్రతి ఊళ్లోనూ అదే పాఠం:
దున్నకండి, కాల్చకండి,
మూత పడ్డచోట జానెడు లోతు పాదు తవ్వండి,
గుప్పెడు పెంట వేసి, చొప్ప కప్పి
వాన కోసం కూర్చోండి.
చివర్లో ఒక వచనం, ఒక ప్రార్థన.
తాడు చుట్టుకుని మళ్లీ సైకిలు.

న్యాగోండ్వే వెనక వరుసలో కూర్చునేది
కాళ్లు చాపుకుని, వేరుశనగలు ఒలుస్తూ.
"పాదులకొస్తాను గానీ పాటలకు రాను," అంది మొదటిరోజే.
"దక్షిణాదికి వెళ్లిన మా ఆయన్ని
గని తిరిగివ్వనప్పట్నుంచీ
దేవుడితో నాకు మాటల్లేవు."

నా పుస్తకంలో రాసుకున్నాను:
గోండ్వే. విధవ. అరెకరం. విశ్వాసం: లేదు.
ఆ చివరి గడి గీసింది నేనే,
ఎవరూ అడగలేదు.

ఆమె పాదులు మీరు చూడాలి.
తాడు సాగి అబద్ధమాడినచోట
ఆమె కన్ను ఆడలేదు.
చితెంజె గుడ్డలో కట్టి, నెత్తిన మోసి
చేనంతా చొప్ప పరిచింది,
జ్వరం పిల్లాడికి కప్పినట్టు, పాదాలతో సహా.

సెప్టెంబరులో ఒక సాయంత్రం పొగ.
ఎలుకల కోసం లుసుంగు పెట్టాడు నిప్పు.
పన్నెండేళ్లవాడు.
పుల్లకు గుచ్చి రోడ్డు మీద అమ్మితే
చెల్లెలికి నోటుపుస్తకం వస్తుందని.
గాలి మళ్లింది. అంతే.
మా భాషలో ఆ పేరుకు కృప అని అర్థం,
ఆ రోజు ఎవరికీ గుర్తులేదు.

నేను వెళ్లేసరికి పెద్దమనిషి ముందు వాడు
మోకాళ్ల మీద, బూడిద మొహంతో,
మూడు ఎలుకలు ఇంకా చేతిలోనే.
ఒక మేక ఇచ్చుకోవాలని తీర్పు.
వాళ్లింట్లో మేకేదీ?
క్షమాపణ మీద వచనం వెతికాను.
చెమటకు పేజీలు అంటుకుపోయాయి.

న్యాగోండ్వే నా కోసం ఆగలేదు.
తన పార వాడి చేతికిచ్చి,
"మేకొద్దు. రేపు పొద్దున్నే రా.
తాడు రెండో కొస పట్టుకోవడానికి
నాకు మనిషి లేడు."

వాగు అవతల్నుంచి తెచ్చారు మళ్లీ చొప్ప,
నలభై మోపులు. లెక్క వాడిదే.

ఆ ఏడు వాన ఆలస్యంగా వచ్చీ
ఇరవై రోజులు మొహం చాటేసింది.
దున్నిన చేలలో మొక్కజొన్న
మధ్యాహ్నానికే ఆకులు చుట్టుకుని
ఉల్లికాడల్లా నిలబడేది.
నా పెరట్లోది కూడా.
అవును, నా పెరట్లోది.
పదకొండు ఊళ్లకు చెప్పి చెప్పి అలసి
ఎద్దులవాణ్ణి పిలిచి దున్నించాను.
ఎవరికీ చెప్పలేదు.

ఆమెకెలా తెలిసిందో!
ఒక శనివారం ఇద్దరూ వచ్చారు
నెత్తిన మోపులతో, ముందామె, వెనక వాడు.
నన్నేమీ అనలేదు.
ఎండుతున్న సాళ్ల మధ్య మోకాళ్లూని
కొంచెం కొంచెంగా పరిచారు.
నా వేళ్లు పట్టి మట్టిలోకి దింపింది,
అక్కడింకా మిగిలి ఉన్న పదును
చల్లగా, మేకపిల్ల ముట్టెలాగా.

ఆ రాత్రి పుస్తకం తీసి
ఆ గడిలో మాట కొట్టేశాను.
బదులేం రాయాలో తోచక
ఖాళీగా వదిలాను.

కోతల్లో ఆమెకు తొమ్మిది బస్తాలు, నాకు రెండు.
ఆమె ఇప్పటికీ పాటలకు రాదు.
ప్రార్థన మొదలైతే మాత్రం
వేరుశనగలు ఒలవడం ఆపుతుంది.

లుసుంగు ఎలుకలు పట్టడం మానలేదు,
కుండ పాతి, నీళ్లు పోసి, నిప్పు లేకుండా.
తాడు మీద మూతలు కొన్ని రాలిపోతే
కొత్తవి గుచ్చుతున్నాడు,
పళ్లతో ముడి బిగిస్తూ,
మధ్యమధ్యన అడుగుతున్నాడు
పన్నెండో ఊరు ఎంత దూరమని.